మిలిటరీ సార్ ఎత్తని చెయ్యి

నా ఈ ఫిర్యాదును ఇన్నేళ్లుగా ఎవరూ చెవిన వేసుకోలేదు. ఇంట్లో చెబితే మా ఆవిడ కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంది గాని నా మాట వినలేదు. ఆ రోజుల్లో మట్టెవాడ బజారులో ఎవరికి కష్టమొచ్చినా చాయ్ బండి దగ్గర చెప్పుకుంటే నలుగురూ అయ్యో అనేవారు; నా కష్టానికి మాత్రం "ఇంకో చాయ్ చెప్పన్నా" అనేవారు. అందుకే మీకు రాస్తున్నాను, మీరన్నా వినండి. మా దుకాణంలో లెక్కలు చూసే ఆయన, మేమంతా మిలిటరీ సార్ అని పిలిచే మనిషి, నా సెల్యూట్‌కు ఒక్కనాడూ చెయ్యెత్తలేదు.

అప్పటికి నాకు మీసాలు సరిగా రాలేదు. సైన్యంలో చేరాలని హన్మకొండలో భర్తీకి వెళ్లాను. పరుగులో గెలిచి ఛాతీ కొలతలో ఓడిపోయాను. టేపు పట్టుకున్నతను "ఇంకింత గాలి పీల్చు" అన్నాడు. అప్పటికే ఆ మైదానంలో ఉన్న గాలంతా నా లోపలే ఉంది. (అది సాగిపోయిన పాత టేపని అప్పుడే చెప్పాను, ఎవరు వింటారు!) రాత్రంతా ఏడ్చిన నన్ను మావాళ్లు తీసుకొచ్చి బట్టల దుకాణంలో పెట్టారు. సేటు నా చేతికి మీటరు బద్ద ఇచ్చాడు. కొలిపించుకున్నవాణ్ని కొలిచేవాణ్నయ్యాను.

ఆ దుకాణంలోనే మూల బల్ల దగ్గర మిలిటరీ సార్ ఉండేవారు. సరిహద్దులో మోకాలు దెబ్బతిని ఇంటికొచ్చి, సాయంత్రం క్లాసులకు వెళ్లి లెక్కలు నేర్చుకున్న మనిషి. "తుపాకీ పట్టిన చెయ్యి, పెన్ను ఎట్ల పట్టింది సార్?" అని సేటు అడిగితే, "పనొక్కటే సేటూ. మనది ఇవతల, వాళ్లది అవతల. గీత దాటితే ఊకోవద్దు" అనేవారు. కూడికలో తప్పు కనబడితే "దొరికిండు!" అని ఒక్క అరుపు అరిచేవారు. చీరలు చూస్తున్న ఆడవాళ్లు దొంగ పడ్డాడనుకుని పర్సులు తడుముకునేవారు.

నన్ను సైన్యం వద్దంది, సరే; ఒక్క సైనికుడన్నా నన్ను మనిషిగా ఒప్పుకుంటే చాలనిపించింది. చేరిన రోజే ఆయన బల్ల ముందు నిలబడి, భర్తీ కోసం అద్దం ముందు నేర్చుకున్న సెల్యూట్ కొట్టాను. ఆయన బల్ల పట్టుకుని మెల్లగా లేచారు. చేతులు రెండూ తొడలకు అంటించి, గడ్డం పైకెత్తి, కట్టెలా నిలబడ్డారు. చెయ్యి మాత్రం లేవలేదు. మళ్లీ కూర్చుని "దుకాణం ఊడ్చినవా?" అన్నారు. నా వెనకే మూటతో వచ్చిన హమాలీ అన్న "నమస్తే సార్" అన్నాడో లేదో, రెండు చేతులూ జోడించి "నమస్తే, నమస్తే! పాణం మంచిగున్నదా?" అని పలకరించారు.

నేను మాత్రం తగ్గలేదు. రోజూ పొద్దున నా సెల్యూట్, రోజూ ఆయన కట్టెలా నిలబడడం. హమాలీ అన్న జాలిపడ్డాడు.

"నువ్వు గూడ నమస్తే పెట్టరాదుర? లొల్లే ఉండదు."

"నేను కొట్టింది సెల్యూట్. నాకు రావాల్సింది గూడ సెల్యూటే."

"అరే గులుగుడుగా, నీ మొండితనానికి మిలిటరీయే దండం పెట్టాలె."

"దండం వద్దు. సెల్యూటే కావాలె."

సార్‌నే అడగొచ్చు కదా అంటారేమో. అడిగి పుచ్చుకునేది సెల్యూట్ ఎలా అవుతుంది? సేటు వచ్చినా కుర్చీలోంచి కదలని మనిషి, చలికి మోకాలు పట్టేసిన పొద్దుల్లో కూడా నా ఒక్కడి కోసం లేచేవారు. తన ఎత్తు నాకు చూపించడానికేనని అప్పట్లో గట్టిగా నమ్మాను. (నేను పొట్టి. ఛాతీ సంగతి ముందే చెప్పాను.) సార్ పని మానేసేదాకా ఇదే తంతు.

మొన్న చలికాలంలో సార్ పోయారు. పెద్దకర్మ నాడు కాశిబుగ్గలో వాళ్లింటికి వెళ్లాను. భోజనాల బంతిలో నా పక్కన సార్‌తో సైన్యంలో పనిచేసిన దోస్తు కూర్చున్నాడు. తన ఫౌజీ టోపీని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కొత్త మనిషి దొరికాడు కదా అని నా ఫిర్యాదు మొదలుపెట్టాను. ఆయన సాంతం విన్నాడు.

"నీ నెత్తి మీద టోపీ ఉంటుండెనా తమ్మీ?"

"దుకాణంల టోపేందన్నా?"

"సార్ నెత్తి మీద?"

"లేకుండె."

"మరి చెయ్యెట్ల లేస్తది? టోపీ లేకుంటే మా దాంట్ల సెల్యూట్ కొట్టరు. సావధాన్‌ల కట్టె లెక్క నిలవడుతరు. సెల్యూట్ అంటే అదే." అన్నం కలుపుతున్న ఆయన చెయ్యి ఆగింది. "గా మోకాలుతోని, రోజు లేస్తుండెనా?"

"రోజు లేస్తుండె."

నా విస్తరిలో పప్పు చల్లారిపోయింది.

చెయ్యి కడుక్కుని ఆయన టోపీ అడిగి పెట్టుకున్నాను. అది పెద్దదై కనుబొమల మీదికి జారింది. అలాగే సార్ ఫోటో ముందు నిలబడి సెల్యూట్ కొట్టాను. ఫోటోలో సార్ కుర్రవాడు. యూనిఫాం, నెత్తిన టోపీ. ఇప్పుడిద్దరికీ టోపీలున్నాయి. అయినా చెయ్యి లేవలేదు.

ఇప్పుడా మూల బల్ల మీద కంప్యూటర్ ఉంది. పొద్దున షట్టర్ ఎత్తగానే దాని ముందు చేతులు తొడలకు అంటించి కాసేపు నిలబడుతున్నాను. లెక్కలు చూసే కొత్త అమ్మాయి "ఏం గావాలె అంకుల్?" అంటుంది. నిన్ను కాదమ్మా అంటాను. సార్, సావధాన్ కూడా సెల్యూటేనట, ఒప్పుకున్న. మరి గా ఒక్క ముక్క ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే? నేను ఈడనే నిలవడ్డ. జవాబియ్యుండ్రి.