జూలా మీద పలకని మాటలు

యాదయ్యకు ఇంగ్లీషులో పైకి పోయే మాటలు ఏడు, కిందికి వచ్చే మాటలు తొమ్మిది వచ్చు. నలభై ఆరేళ్ళ వయసులో, చందానగర్‌లో తానుండే కిరాయి ఇంటి మెట్ల మీద నేర్చుకున్నాడు వాటిని. నేర్పింది కూతురు శ్రీలత. ఎక్కుతూ ఒక్కో మెట్టుకు ఒక మాట, దిగుతూ ఒక్కో మెట్టుకు ఒక మాట. 'రైజ్', 'క్లైంబ్', 'అసెండ్' దగ్గరికి వచ్చేసరికి ఆయాసం. 'సోర్' అంటే గద్ద లేచినట్టు లేవడమని శ్రీలత చెయ్యెత్తి చూపిస్తే, "గంత పైకి మాకు తాడు లేదు బిడ్డా" అన్నాడు.

హైటెక్ సిటీలో అద్దాల భవనాలను బయటి నుంచి తుడవడం పద్నాలుగేళ్ళుగా అతని పని. టెర్రస్ మీది నుంచి ఇనుప తాళ్ళతో వేలాడే పొడుగాటి తొట్టిలో నిలబడి తుడుస్తారు. దాన్ని వాళ్ళు జూలా అంటారు. జట్టులో మెదక్ వాళ్ళున్నారు, ఒడిశా వాళ్ళున్నారు, బెంగాల్ వాళ్ళున్నారు. ఒకరు 'ఎత్తు' అంటే ఇంకొకరు 'ఉఠావ్' అంటారు. అందుకని కాంట్రాక్టు కంపెనీ కొత్త రూలు పెట్టింది: వైర్‌లెస్‌లో ఇంగ్లీషే మాట్లాడాలి, మాటలకు పరీక్ష ఉంటుంది, తప్పినవాళ్ళు బేస్‌మెంట్‌లో పార్కింగ్ తుడవాలి.

"జీతం అదే గదా బాపూ" అంది శ్రీలత.

"జీతం అదే. మరి పొద్దు పొడిసేది ఎవరికి కనవడ్తది?"

పదహారు మాటలూ నోటికొచ్చాయి. చిక్కల్లా కిందికి వచ్చే వాటిలో నాలుగింటితోనే. 'ఫాల్' దగ్గరికి రాగానే యాదయ్య మెట్లు దిగి, వాకిట్లో నల్లా పక్కన నేల మీద చతికిలబడి, అప్పుడు పలికేవాడు. పని నేర్పిన బాలానగర్ ఉస్తాదు మొదటి రోజే చెప్పాడు: పైన ఉన్నప్పుడు పడే మాట నోట్లెకు రానియ్యకు, పిలిస్తే వస్తది. ఆ రోజు నుంచి జూలా మీద యాదయ్య ఆ మాట తెలుగులో అనలేదు, ఉర్దూలో అనలేదు. ఇప్పుడు ఇంగ్లీషులో మాత్రం ఎందుకంటాడు?

"మరి పరీక్షల అడిగితే?"

"పరీక్ష ఆఫీసు రూములనే గదనే. ఆడ చెప్త."

జూలాలో అతని జోడీ మునిస్వామి ముందురోజు ఆఫీసు గదిలోనే కూర్చుని పాసయ్యాడు. కానీ యాదయ్య వంతు వచ్చిన రోజు ఆ గదిలో ఏదో మీటింగు. సేఫ్టీ ఆఫీసరు భార్గవి మేడం కాగితం పట్టుకుని పంతొమ్మిదో అంతస్తు పైన టెర్రస్ మీదికి వచ్చేసింది. యాదయ్య, మునిస్వామి అప్పటికే జూలాలో ఉన్నారు, బెల్టుల హుక్కులు తగిలించుకుని.

"దిగొద్దండి. పనిలో ఉండగానే అడుగుతాను, అదే అసలు పరీక్ష" అంది మేడం. ఆవిడది భీమవరం, మాట మెత్తన.

పైకి పోయే ఏడూ గడగడా చెప్పాడు. కిందికి వచ్చేవి ఐదు చెప్పాడు: లోయర్, డిసెండ్, డిప్, సింక్, గో డౌన్. అక్కడ ఆగిపోయాడు.

"ఇంకో నాలుగున్నాయండి."

యాదయ్య అద్దంలో తన మొహమే చూసుకుంటున్నాడు.

"చేతిలోంచి వైపర్ జారి పడిపోయిందనుకోండి, వైర్‌లెస్‌లో ఏమని చెబుతారు?"

మేడం ఆ మాట అనగానే మునిస్వామి రెండు చేతులా కమ్మీ పట్టుకున్నాడు.

"వచ్చు మేడం. ఈడ చెప్ప."

"రాకపోతే రాదని చెప్పండి, తప్పేం లేదు." పెన్ను కాగితం మీదికి వంగింది.

బేస్‌మెంట్‌లోని ట్యూబ్‌లైట్లన్నీ ఒక్కసారి యాదయ్య కళ్ళ ముందు వెలిగాయి. "జర రెండు నిమిషాలు నన్ను దిగనియ్యుండ్రి" అన్నాడు.

పిట్టగోడ దాటి టెర్రస్ మీద రెండు కాళ్ళూ ఆన్చాకే హుక్కు విప్పాడు. వంగి అరచేత్తో నేలను తాకాడు. అప్పుడు, దొడ్డి తలుపు తీస్తే మేకలు ఉరికినట్టు, "ఫాల్, డ్రాప్, స్లిప్, ప్లంజ్!"

భార్గవికి ముందు అర్థం కాలేదు. మునిస్వామే జూలాలోంచి అరిచాడు: "మా అన్న జూలాలో ఉన్నప్పుడు ఆ మాటలు అనడు మేడం! నన్నూ అననియ్యడు!"

ఆవిడకు నవ్వొచ్చింది, కానీ కాగితం మాత్రం దించలేదు. "నిజంగా ఏదైనా జారితే? అప్పుడూ ఇలాగే మేడ మీదికొచ్చి చెబుతారా?"

"లే మేడం. అప్పుడు అందరికన్న ముందు నేనే ఒర్రుత. ఆ మాట ఉన్నదే అందుకు. జారినంక పిలిచే మాటను జారకముందే ఎందుకు పిలవాలె?"

భార్గవి కాగితాన్ని పిట్టగోడ మీద ఆనించింది. "మా అమ్మమ్మ కూడా అంతేనండి. డబ్బాలో బియ్యం అయిపోయాయని ఏనాడూ అనలేదు. నిండుకున్నాయనేది" అంటూ సంతకం పెట్టింది. కాగితం చేతికిస్తూ, "తొమ్మిదికి తొమ్మిది. పైవి ఏడుకి ఏడు" అంది.

యాదయ్య పిట్టగోడకు ఆనుకుని సీసాలో నీళ్ళు సగం తాగాడు, మిగతా సగం నెత్తిన పోసుకున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో పెట్టుకున్నాడు, శ్రీలతకు చూపించడానికి. హుక్కు తగిలించుకుని మళ్ళీ జూలా ఎక్కాడు.

"రెడీ టు డిసెండ్ మేడం" అన్నాడు వైర్‌లెస్‌లో, కొత్త పెళ్ళికొడుకులా గొంతు సవరించుకుని.

జూలా మెల్లగా కదిలింది. నల్లగండ్ల దిక్కున ఎండ పచ్చగా పరుచుకుని ఉంది. రెండంతస్తులు దిగాక మునిస్వామి కొంటెగా అడిగాడు: "అన్నా, ఆ ఆఖరి మాట ఏంది? నిన్న నేర్సుకున్న, యాది లేదు. ప్లం..."

యాదయ్య చేతిలోని తడి స్పాంజి అతని నోటికి అడ్డం పడింది.

"కిందికి పోయినంక చెప్త. ముందు గీ అద్దం తుడువు."