ఎడమకు ఒరగని ముద్ర

ఒసాకాలోని ఆ రైస్ కుక్కర్ల కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా అన్నం వండి రుచి చెప్పడమే షిగెనో పని. అక్కడ కాగితాల మీద కిందివాళ్ల పేరు ముద్ర, పక్కనున్న పై అధికారి గడికి వంగి దండం పెడుతున్నట్టు, ఎడమకు ఒరగాలి. ఆమెదీ ఇన్నేళ్లూ ఒరిగింది.

ఆ ఉదయం కురిమోతో అనే సెక్షన్ పెద్ద అందరికీ కొత్త కుక్కర్ బొమ్మ చూపించాడు. ఒంటరి ముసలివాళ్ల కోసమట. లోపలి గిన్నె ఇనుముది, మూడు కిలోలు. ఆ బొమ్మ గీసింది జన్మలో బియ్యం కడిగిన చెయ్యి కాదు.

"ఇంత బరువు ముసలాళ్లు ఎత్తలేరండీ," అంది షిగెనో.

"మీరు రుచి చెప్పండి చాలు. ఆలోచించడానికి మేమున్నాంగా!"

అందరూ నవ్వారు. ఆమె వంటగదిలోంచి అంతే బరువున్న గిన్నె తెచ్చి, నిండా నీళ్లు పోసి అతని ముందు పెట్టింది.

"చేతులు తడుపుకుని ఎత్తండి. మీరింకా కుర్రాళ్లేగా."

గిన్నె జారింది. నీళ్లన్నీ అతని ప్యాంటు మీదే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"బరువు సంగతి తర్వాత!" కురిమోతో పళ్లు నూరాడు. "మధ్యాహ్నం ఈ కుక్కర్ ఆమోదం కాగితం డైరెక్టర్ గారు చూడాలి. ముద్ర వేసి తగలడండి."

"చూడనివ్వండి."

షిగెనో ముద్రను కుడికి ఒరిగించి గట్టిగా గుద్దింది. కురిమోతో గడికి ఆమె పేరు వీపు చూపించింది.