కన్నీళ్లు రాని మా అక్క

నాంపల్లిలో మా పక్క వాటాలో ఉండే అక్క పోయిన మంగళవారం తెల్లవారుజామున చనిపోయింది. సొంత అక్క కాదు కదా అని ఎవరైనా అంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పుట్టుకతోనే అక్కకు జబ్బు. అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వచ్చిందని డాక్టర్లు చెప్పారు. మనకు తెలియకుండానే రక్తపోటునీ చెమటనీ కన్నీళ్లనీ చూసుకునే నరాల కణాలు ఆమెకు తక్కువగా పుట్టాయి. ఉన్నవీ ఏటికేడూ రాలిపోయాయి. ఎంత ఏడ్చినా కంట్లో చుక్క రాలేది కాదు. గబుక్కున లేస్తే కళ్లు తిరిగేవి.

ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకు నన్ను వెంటేసుకుని వెళ్లేది. గొంతుక్కూర్చుని ఏరుకున్నాక నా భుజం పట్టుకుని లేస్తూ, "జర ఆగు. నేను లేచిన గానీ నా నెత్తురు ఇంకా లేవలే" అనేది. పుస్తకాలాయన కూడా నవ్వేవాడు. ఆ నవ్వు మీదే బేరం మొదలుపెట్టేది, గట్టి మనిషి. నేను పుస్తకాలు చదివే మనిషినయ్యానంటే ఆమె వల్లే.

మనసు కష్టపడితే మాత్రం అక్క మెడ నిండా ఎర్రటి మచ్చలు లేచేవి, ఒళ్లంతా చెమట పట్టేది, వాంతులు ఆగేవి కావు. అలా ఎన్నోసార్లు దవాఖానకు పరుగెత్తాం. అందుకే వాళ్లమ్మ కూతురి ముందు ఎన్నడూ ఏడవలేదు. దుఃఖం వస్తే బట్టలారేసే వంకతో మేడ మీదికి వెళ్లిపోయేది.

"అమ్మ బట్టలు ఆరేయనీకి పోయింది. బట్టలేమో గీడ బకెట్లనే ఉన్నయ్" అని అక్క నాకు కన్ను గీటేది.

ఒకరోజు నా ఎదుటే తల్లిని అడిగింది. "నాకెట్లాగూ కన్నీళ్లు రావు. నువ్వన్న నా ముందర ఏడువరాదే అమ్మా. ఇద్దరం కల్సి ఏడ్సినట్టుంటది."

"నీకు మళ్ల వాంతులైతే? నాకేంది ఏడుపు, మంచిగనే ఉన్న" అని ఆమె బకెట్ అందుకుంది.

మంగళవారం అక్కను ముందుగదిలో పడుకోబెట్టారు. వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి, అలవాటుగా మెట్ల వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. వెనక్కి వచ్చి కూతురి తల ఒళ్లో పెట్టుకుంది.

"ఇగ నీకేం గాదు గదనే" అని గొంతెత్తి ఏడ్చింది.

ఆ కన్నీళ్లు అక్క చెంపల మీద పడి, చెవుల పక్కకు జారాయి. తుడవడానికి మాకెవరికీ చెయ్యి రాలేదు.