క్యారియర్ మీద సొరకాయ

స్టీలు గిన్నెల దుకాణం కాశీనాథానికి పొట్ట ముందు పుట్టిందని, మనిషి ఆ తర్వాత తీరిగ్గా పుట్టాడని సిద్దిపేట బజారులో చెప్పుకునేవారు. అలాంటి కాశీనాథం ఆదివారం వచ్చిందంటే చాలు, తెల్లవారకముందే ప్యాంటు కాళ్లకు క్లిప్పులు పెట్టుకొని, సైకిలెక్కి పల్లెల మీదికి పోతున్నాడంటే బజారు ఒక పట్టాన నమ్మలేదు. పోయి ఏం తెస్తాడంటే ఏమీ తేడు. ఎవరిని కలుస్తాడంటే పని పెట్టుకొని ఎవరినీ కలవడు. అవి తొంభైల మొదటి రోజులు. సైకిలు లేని ఇల్లు తక్కువే గాని, పని లేకుండా సైకిలు తొక్కే మనుషులు మాత్రం ఊరు మొత్తానికి ఇద్దరే. ఒకడు కాశీనాథం. రెండోవాడు అతన్ని చెడగొట్టిన హనీఫ్.

హనీఫ్ గడియారాలు బాగుచేసేవాడు. కాశీనాథం దుకాణం మెట్ల పక్కనే అతని అద్దాల డబ్బా. వారమంతా ఒక కంటికి భూతద్దం బిగించుకొని, ఆవగింజలంత మరల మీదికి వంగి కూర్చునేవాడు.

"వారమంత జానెడు దూరమే చూస్తున్న సేటూ," అన్నాడొకసారి చాయ్ తాగుతూ. "కండ్లు ముడుసుకపోతున్నయి. ఒక్కరోజన్న గుట్టల అవతలికి చూడాలె. నువ్వు వస్తవా?"

"నేనెందుకు భాయ్? నా కండ్లు మంచిగనే ఉన్నయి."

"కండ్లు మంచిగనే ఉన్నయి. పొట్ట అడ్డమొచ్చి నీ కాళ్లే నీకు కనవడుతలేవు. దూరం సంగతి తర్వాత, ముందుగాల కాళ్లన్న చూసుకుందువు రా."

అలా మొదలైంది. మొట్టమొదటిసారి పోయింది తొగుట దిక్కున్న వేములఘాట్‌కు. హనీఫ్ అక్క రబియాబీ ఉండేది అక్కడే. తల్లి పోయేనాటికి హనీఫ్ ఇంకా పాకుతున్నాడు. వాణ్ని చంకనేసుకొని పెంచింది రబియాబీ. భర్త పోయాక ఆ ఊళ్లోనే, రెండు మేకలతో, ఒక మునగచెట్టుతో ఒంటరిగా ఉంటోంది.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ఆ రోజుల్లో పల్లెలకు చావు కబురు సైకిలు మీద వచ్చేది. చుట్టపుచూపుగా వచ్చేవాడి క్యారియర్ మీద సంచి ఉంటుంది. బేరానికి వచ్చేవాడి క్యారియర్ మీద మూట ఉంటుంది. పొద్దున్నే పట్నం దిక్కు నుంచి ఖాళీ క్యారియర్‌తో, చెమటలు కారుతూ మగమనిషి వస్తున్నాడంటే మాత్రం ఎవరో పోయారన్నమాటే. అంత చిన్న ముచ్చట పట్నంలో పుట్టి పెరిగిన ఈ ఇద్దరికీ తట్టలేదు.

ఊరి మొదట్లో కొండవ్వ వాకిట్లో పేడనీళ్ల సానుపు చల్లుతోంది. ఆమె బిడ్డను ఇచ్చింది సిద్దిపేటలోనే. రెండు ఖాళీ క్యారియర్లు చూసింది, చేతిలో చెంబు వదిలేసింది.

"ఎవలు వోయిన్రు కొడుకా?"

కాశీనాథానికి మాట్లాడేంత ఊపిరి లేదు. ఆయాసపడుతూ చేయి ఊపాడు. 'ఏం లేదు' అని చెప్పడం అతని ఉద్దేశం. 'ఇంక లేదు' అని ఆమెకు అర్థమైంది. అంతే, కొండవ్వ గొంతెత్తింది. ఆ వాడకట్టంతా వచ్చి చుట్టూ నిలబడింది. ఒకామె కాశీనాథం చేతికి నీళ్ల గ్లాసు ఇచ్చి, "ఎప్పుడు పానం వోయింది అన్నా?" అని మెల్లగా అడిగింది.

"ఎవలు పోలేదమ్మా, మేము ఊరికే వచ్చినం," అన్నాడు కాశీనాథం.

"ఈ ఊరికే వచ్చిన్రు, తెలుస్తనే ఉన్నది," అన్నాడు వీరయ్య అనే పెద్దమనిషి. "ఈ ఊళ్లె ఎవలింటికి వచ్చింది కబురు?"

"ఊరికే అంటే... ఊకెనే. ఉత్తగ. సైకిలు తొక్కుకుంట."

వీరయ్య అతన్ని కిందినుంచి మీది దాకా చూశాడు. "ఏం రోగం?" అన్నాడు. తిట్టు కాదు, నిజంగానే అడిగాడు.

సంగతి తెలిశాక కూడా కొండవ్వ ఏడుపు ఆపలేదు. ఎలాగూ మొదలుపెట్టింది గనుక, ఏనాడో పోయిన మొగుణ్ని తలుచుకొని అది పూర్తి చేసింది. అంతసేపూ కాశీనాథం గ్లాసు చేతిలో పట్టుకొని, తాగాలో వద్దో తెలియక నిలబడ్డాడు. పక్కింట్లో రబియాబీ తన వాకిట్లో కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతోంది.

"ఉత్త చేతులతోని పొద్దుగాల ఊళ్లెకు రావద్దు తమ్మీ," అంది తర్వాత. "ఏదన్న కట్టుకొని రాండ్రి."

ఉపాయం హనీఫ్‌ది. ఆ మరుసటి ఆదివారం కాశీనాథం క్యారియర్ మీద ఒక పొడుగాటి సొరకాయను సుతిలితో బిగించి కట్టాడు. "చావు కబురు తెచ్చేటోడు సొరకాయ తెస్తడా సేటూ? ఇగ ఎవలు ఏడువరు."

నిజమే, ఎవరూ ఏడవలేదు. ఏ పల్లెకు పోయినా వీళ్లకు 'సొరకాయ సేట్లు' అని పేరొచ్చింది. సొరకాయ కనిపిస్తే చాలు, బావుల దగ్గర మోటర్లు పెట్టేవాళ్లు చేయెత్తి పలకరించేవారు. పాపం చాలా సొరకాయలు గుట్టలన్నీ చూసి, ఎండ తిని, కోతకు నోచుకోకుండానే ఇల్లు చేరేవి. వేములఘాట్ పోయినవి మాత్రం తిరిగొచ్చేవి కావు. కాశీనాథానికి మాంసం పడదు గనుక, అతని దుకాణంలోనే కొన్న ఒక స్టీలు గిన్నెను రబియాబీ అతని కోసమే వేరుగా పెట్టింది. అందులో సొరకాయ పప్పు వండేది. తినేదాకా పక్కనే కూర్చొని, తమ్ముడి కంచంలో ఇంకో ముద్ద, ఇంకో ముద్ద వేస్తూనే ఉండేది.

వీళ్లు బయలుదేరేటప్పుడు మలుపు దాకా వచ్చేది. హనీఫ్ గడ్డం పట్టుకొని వెలుతురు వైపు తిప్పేది.

"మొగం చూడనియ్యిరా. మల్ల ఎప్పుడు చూస్తనో."

"వచ్చే వారమే చూస్తవు ఆపా. గదే మొగం, ఏం మారది," అనేవాడు నడి వయసు హనీఫ్, చంటిపిల్లాడిలా గడ్డం అప్పగించి. కాశీనాథం ఆ కాసేపూ చైను చూస్తున్నట్టు వంగేవాడు.

మోదుగులు పూసి రాలుతున్న రోజుల్లో ఒక ఆదివారం. వేములఘాట్ పోవాలనుకున్నారు. కాశీనాథం సొరకాయ కట్టుకొని దుకాణం ముందు నిలబడ్డాడు. హనీఫ్ రాలేదు. చూసి చూసి విసుగొచ్చి హనీఫ్ సందులోకి పోయాడు. ఇంటి ముందు ఆగి సైకిలు గంట కొట్టాడు. ఒకసారి కాదు, సరదాగా, పాట లాగా.

"లే భాయ్! గుట్టలు నీకోసం ఆగుతయా? లే, నిద్రమొగమా!"

తలుపు తెరిచింది హనీఫ్ బావమరిది ఇషాక్. అతని వెనక నుంచి ఆడవాళ్ల ఏడుపు వినిపించింది. కాశీనాథం వేలు ఇంకా గంట మీదే ఉంది.

పొద్దున నమాజుకు కాళ్లు చేతులు కడుక్కుంటూ అక్కడే ఒరిగిపోయాడట హనీఫ్. దవాఖానకు తీసుకుపోయేంత సమయం కూడా ఇవ్వలేదు.

హనీఫ్ భార్య అక్తరున్నీసా పరదా వెనక నుంచే మాట్లాడింది. "సేటూ, ఆపాకు కబురు పోవాలె. ఆపా మొగం చూడకుంట ఆయనను తీస్కపోవద్దు. మీకైతె తొవ్వ తెలుసు."

"ఎండలున్నయి," అన్నాడు ఇషాక్. "పగటి నమాజు దాక ఆపుతం. అంతకన్న ఆపుడు కాదు. ఆ ఊరికెంచి పొద్దటి బస్సు ఒకటి ఉంటది, అది దొరికిచ్చుకుంటె అందుకుంటరు."

"నేను పోత," అన్నాడు కాశీనాథం. కదలకుండా కూర్చోవడం అతని వల్ల కాదు, అందుకే అన్నాడు. వెంటనే సైకిలెక్కాడు.

అంత గట్టిగా అతను ఎన్నడూ తొక్కలేదు. ఎప్పుడూ ముందు పోయే హనీఫ్ వీపు ఆ రోజు ముందు లేదు. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాడు. 'ఆపా, హనీఫ్ భాయ్ పానం మంచిగ లేదు.' అది అబద్ధం. 'ఆపా, నువ్వు ఒకపారి సిద్దిపేటకు రావాలె.' ఎందుకంటే? 'ఆపా, గుండె గట్టిగ చేసుకో.' ఆ మాట తన నోటితో అనుకుంటేనే హ్యాండిలు వంకరపోయింది. మనిషి పోతే ఏం మాట్లాడాలో బజారులో అందరికీ చెప్పే కాశీనాథానికి ఒక్క వాక్యం దొరకలేదు.

ఊరి మొదట్లో కొండవ్వ అరుగు మీద కూర్చొని ఉంది. అతన్ని చూసి బోసినోటితో నవ్వింది.

"సొరకాయ సేటు వచ్చిండు. ఒక్కనివే వచ్చినవేంది? నీ జోడు ఏడి?"

అప్పుడు గుర్తొచ్చింది కాశీనాథానికి. వెనక్కి తిరిగి చూశాడు. క్యారియర్ మీద సొరకాయ, హాయిగా, పెళ్లికి పోతున్నట్టు పడుకొని ఉంది.

"ఏడి కొడుకా?"

"ఎన్క ఉన్నడు," అన్నాడు కాశీనాథం.

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. ఎప్పుడైనా తను ముందొస్తే అనే మాటే అది. నోటికి అలవాటైన తొవ్వలో అదే పోయింది. కొండవ్వ గోడ మీదుగా కేకేసింది, "రబియమ్మా, సేటు వచ్చిండు. నీ తమ్ముడు ఎన్క వస్తుండట."

కాశీనాథం వాకిట్లో సైకిలు దిగేసరికి రబియాబీ బియ్యం ఇంకో గిద్దెడు ఎక్కువ పోసి కడుగుతోంది.

"పంచరా తమ్మీ? వానికి గాలి కొట్టిచ్చుకునుడు ఎన్నడు యాదికుండది. కూసో, చాయ్ తాగు. ఏంది గిట్ల చెమటలు? నిన్ను ఉరికిచ్చిండా ఏంది?"

"ఆపా..."

"ఆఁ?"

"ఏం లేదు. నీళ్లియ్యి."

నీళ్లిచ్చింది. చాయ్ ఇచ్చింది. మేకల సంగతి చెప్పింది. మునగకాయలు తమ్ముడి కోసం కోసి పెట్టానంది. మధ్య మధ్య రోడ్డు వైపు చూసింది. కాశీనాథం కప్పు పట్టుకొని, ఈ గుక్క అయ్యాక చెబుదాం అనుకున్నాడు. అయ్యింది. ఈ మాట ముగియనీ అనుకున్నాడు. ముగిసింది. చాయ్ మీద తొరక కట్టింది. ఆమె మొహం అంత నిమ్మళంగా ఉండటం అదే చివరిసారి అవుతుందని అతనికి తెలుసు. దాన్ని ఇంకొంచెం సేపు అలాగే ఉండనివ్వాలనిపించింది. ప్రేమ అనుకోండి, పిరికితనం అనుకోండి, రెండూ ఆ కప్పులోనే కలిసి ఉన్నాయి.

రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. కాశీనాథం లేచాడు. హారను మళ్లీ కొట్టి, బస్సు కదిలి, ఇంజను చప్పుడు దూరమయ్యే దాకా అలాగే నిలబడ్డాడు.

"బస్సు చూస్తున్నవేంది తమ్మీ, నువ్వేమన్న బస్సెక్కేటోనివా?" అని నవ్వింది రబియాబీ. కత్తిపీట ముందుకు లాక్కుంది. పొయ్యిలో పుల్లలు పేర్చి, అగ్గిపెట్టె అందుకుంది. "ఆ సొరకాయ ఇప్పి ఇయ్యి. వాడొచ్చేవరకు ఉడుకుతది."

"పొయ్యి ముట్టియ్యకు ఆపా," అన్నాడు కాశీనాథం.

చావు జరిగిన ఇంట్లో తప్ప ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనరు. రబియాబీ చేతిలో పుల్ల గీయకుండానే ఆగింది. ఆమె అతని వైపు చూడలేదు. రోడ్డు వైపు చూసింది.

"ఎన్క ఉన్నడంటివి గద తమ్మీ."

ఆమె అగ్గిపెట్టెను పొయ్యి గట్టు మీద, ఎప్పుడూ పెట్టేచోటే పెట్టింది. లేచి దుప్పటి కప్పుకుంది. "నడువు," అంది.

ఊళ్లో ఉన్న ఒక్క ట్రాక్టరు కిరాయికి పోయింది. వీరయ్య అటూ ఇటూ తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. ఇక సైకిలే. సొరకాయ ముడి కాశీనాథం వేళ్లకు రాలేదు. రబియాబీ కత్తిపీటకు పెట్టి సుతిలి తెంపి, సొరకాయను గోడవార పెట్టి, ఆ క్యారియర్ మీద కూర్చుంది. కొండవ్వ అరుగు దిగి వచ్చింది. నోరు తెరిచింది గాని ఈసారి ఏడుపు రాలేదు.

ఎత్తు వచ్చినచోట కాశీనాథం దిగి నెట్టాడు. ఆమె కూడా దిగి, చెప్పులు చేత పట్టుకొని అతనికంటే ముందు నడిచింది. పల్లంలో మళ్లీ ఎక్కింది. సీటు వెనక అతని చొక్కాను చిరిగేంత గట్టిగా పట్టుకుంది. తిట్టినా బాగుండేది. ఎండ నడినెత్తికొచ్చి, వాలింది. సిద్దిపేట ఇళ్లు కనిపించేసరికి కాశీనాథం కళ్లకు అన్నీ రెండుగా ఆడుతున్నాయి.

సందు మొదట్లోనే మగవాళ్లు ఎదురయ్యారు. తిరిగి వస్తున్నారు. ఇషాక్ చేతులకు, గోళ్ల సందుల్లో, ఎర్రమట్టి.

"చానసేపు ఆపినం," అన్నాడు ఇషాక్. "ఎండ. ఇంక కాలేదు."

రబియాబీ ఆ చేతుల వైపు చూసింది. క్యారియర్ దిగి, ఎవరినీ ముట్టుకోకుండా, లోపలికి పోయింది.

కాశీనాథం వాకిట్లో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. లోపల ఏడుపు ఒకసారి పెద్దగా లేచి తగ్గింది. ఎవరో ఆడమనిషి గొంతు అడిగింది, అంత పొద్దున పోయిన మనిషి, బస్సు దొరకలేదా అని.

"తమ్మి పాపం ఎగవోసుకుంట వచ్చిండు," రబియాబీ గొంతు. "ఆయన వచ్చేవరకే బస్సు వోయింది."

ఇషాక్ గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. కాశీనాథం వైపు తిరిగాడు. "అట్లనా సేటూ?"

కాశీనాథం క్యారియర్‌కు వేలాడుతున్న సుతిలి ముక్కను చూశాడు.

"అట్లనే," అన్నాడు.

నలభయ్యో దినం అయ్యాక ఆమెను వేములఘాట్‌లో దింపి వచ్చింది కూడా అతనే, బస్సులో. గోడవార సొరకాయ ఎండి, తొడిమ నల్లబడి, అలాగే ఉంది. మలుపు దగ్గర తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు కాశీనాథం నోరు తెరిచాడు.

"ఆపా, ఆ దినం బస్సు..."

"వోయింది తమ్మీ. నువ్వు రాకముందే వోయింది. నేను చెప్పిన్నా లేదా?" అంది. "నువ్వు గూడ గదే యాదుంచుకో."

బస్సు వచ్చింది. రబియాబీ చేయి చాపి అతని గడ్డం పట్టుకుంది. పైకి ఎత్తబోయింది. కాశీనాథం ఎత్తనివ్వలేదు. కింద చైను లేదు, సైకిలే లేదు. అయినా వంగి తన కాళ్లవైపే చూస్తూ బస్సెక్కాడు.