ఉగాదికి పూయని వేప

ఈ ఉగాదికి రెండు రోజుల ముందు మా ఆయన ఆన్‌లైన్‌లో తెప్పించిన ఎండు వేపపువ్వు పొట్లం కత్తిరించి ముక్కు దగ్గర పెట్టుకుంటే అట్టపెట్టె వాసన తప్ప మరేమీ రాలేదు. మేముండేది హిందీ మాట్లాడే బిలాస్‌పూర్‌లో, సర్కండా పేటలో. నేను రోజూ ఆటో ఎక్కి బోద్రీ కోర్టుకు వెళ్లి వచ్చే వకీలుని. ఎదుటివాళ్ల అబద్ధాలు పట్టుకోవడం నా వృత్తి. అలాంటి నాకు, ఆ పొట్లం చూడగానే పదకొండేళ్లప్పుడు నేనాడిన రెండు అబద్ధాలు గుర్తొచ్చి మళ్లీ సిగ్గేసింది.

అది రెండువేల మూడో నాలుగో సంవత్సరం. తాతయ్య టెక్కలి వైపు పల్లె నుంచి రైల్వేలో ఖలాసీగా వచ్చి ఈ ఊళ్లోనే రిటైరయ్యాడు, నాన్న లోకో షెడ్‌లో ఫిట్టరు. క్వార్టరు రైల్వేదే గానీ పెరట్లో చెట్లు మాత్రం నానమ్మవి. మా కాలనీలో తెలుగువాళ్ల ఇల్లు ఏదని ఎవరినీ అడగక్కర్లేదు, గోడ మీంచి మునగకొమ్మా కరివేపాకూ తొంగిచూస్తుంటే చాలు. చలికాలం పొగమంచులో షెడ్ సైరన్ వినబడేసరికి నానమ్మ బొగ్గుల కుంపటి రాజేసేది, వేసవిలో కూలరు గడ్డి తడివాసనతో, ఉప్పూ జీలకర్రా వేసిన మామిడికాయ పానకంతో మధ్యాహ్నాలు గడిచేవి, వానాకాలం మొదలైందంటే జామచెట్టు మీద నేనూ కోతులూ వంతులేసుకునేవాళ్లం.

వెనక గోడ పక్కన వేప ఉండేది. దాంతోనే పేచీ. మా పల్లెలో ఉగాది నాటికి వేప విరగబూస్తుందని నానమ్మ చెప్పేది. ఇక్కడి వేపకి మాత్రం అప్పటికి ఎర్రటి లేతచిగుళ్లే, పూత రావడానికి ఇంకో మూడు నాలుగు వారాలు పట్టేది. అందుకని పండగకి ముందురోజు పక్క క్వార్టరు గార్డు బాబాయి విశాఖ బండి డ్యూటీ నుంచి వస్తూ న్యూస్‌పేపర్లో వేపపువ్వు పొట్లం కట్టి తెచ్చేవాడు. దాంతో నానమ్మ కొత్త కుండలో పచ్చడి కలిపి ఆరు తెలుగు ఇళ్లకి పంచేది.

ఇక నా మొదటి అబద్ధం. బడిలో 'మద్రాసీ' అని పిలుస్తారన్న భయంతో నా ప్రాణస్నేహితురాలు పింకీకి మాది నాగ్‌పూర్ అని చెప్పాను. నాన్న పేరు చివర రావు ఉందిగా, మరాఠీవాళ్లకీ ఉంటుంది, అతికినట్టు సరిపోయింది. ఇంట్లో హిందీయే మాట్లాడతామని కూడా చెప్పి, రెండేళ్లపాటు ఏదో ఒక సాకుతో ఆమెని మా ఇంటికి రానివ్వలేదు.

ఆ ఏడు గార్డు బాబాయికి జ్వరం వచ్చి డ్యూటీకి వెళ్లలేదు. పొద్దున్నే నానమ్మ నా చేతికి చిన్న పళ్లెమిచ్చి, కాలనీలో ఏ వేపకైనా నాలుగు పువ్వులు దొరక్కపోతాయా, చూసి రమ్మంది. రైల్వే ఆసుపత్రి దాకా తిరిగాను. ఒక్క రెమ్మ లేదు. ఉత్త పళ్లెంతో ఎలా వెళ్లడం? మా మునగ తెల్లగా పూసి ఉంది. ఆ పూలు దూసి, రేకులు చిదిపి, వేపపువ్వంత సన్నగా చేశాను.

"ఏటే, దొరికిందేటి?" అంది నానమ్మ.

"దొరికింది" అన్నాను. కళ్లజోడు పెట్టుకోని హడావిడిలో నానమ్మ పళ్లెం అలాగే కుండలో వంపేసింది.

పచ్చడి కలిపి, దేవుడికి పెట్టి, ఐదు ఇళ్లకి పంపేశాక మిగిలిన ఇంటివాళ్లు మా వరండాలోనే గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడే గేటు దగ్గర సైకిలు బెల్లు మోగింది. నా డ్రాయింగు పుస్తకం తిరిగిద్దామని సర్కండా నుంచి అర్పా నది వంతెన దాటి, ఇల్లు కనుక్కుంటూ వచ్చిన పింకీ! నానమ్మ ఆమెకీ ఓ గ్లాసు చేతిలో పెట్టింది. పింకీ ఒక గుక్క తాగి, నాలుక మీది పువ్వు ముక్క వేలితో తీసి చూసింది.

"యే తో మునగా కా ఫూల్ హై. హమారే ఘర్ మే ఇస్‌కీ భాజీ బన్‌తీ హై."

వాళ్లింట్లో కూర వండుకునే పువ్వుని వాళ్లు గుర్తుపట్టరా! తర్వాత వరండాలో వినిపిస్తున్న తెలుగంతా విని, నా వైపు తిరిగి, "అచ్ఛా, తుమ్ లోగ్ తెలుగు హో? నాగ్‌పూర్ బోలీ థీ న?" అంది. మీరు తెలుగువాళ్లా, నాగ్‌పూర్ అని చెప్పావుగా అని. ఆమె పుస్తకం గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక నానమ్మ నన్ను వేప దగ్గరికి తీసుకెళ్లింది. నలభై ఏళ్లు ఇక్కడున్న మనిషికి ఆ మాత్రం హిందీ అర్థం కాదా?

"పువ్వు నేకపోతే నేదని చెప్పాల. ఈ చెట్టుని చూడు. పండగొచ్చిందని గాబరాపడి పూసిందేటి? పూయనేదని సిగ్గుపడతన్నాదేటి? దాని రోజొస్తాది, అప్పుడు పూస్తాది. మీ తాత ఎవులడిగినా టెక్కలోడినే అన్నాడు. నీకేటొచ్చింది?"

కొడితే బాగుండుననిపించింది. కొట్టలేదు.

వేప పూసేదాకా మూడు వారాలూ పింకీ నాతో మాట్లాడలేదు. పరీక్షల సెలవులయ్యి బడి తెరిచాక వేరే బెంచీలో కూర్చుంది. ఒక్కదాన్నే డబ్బాలో అన్నం తింటూ, ఆ ఒంటరితనం కంటే మద్రాసీ అనిపించుకోవడమే నయమనుకున్నాను. ఏప్రిల్లో ఓ పొద్దున పెరడంతా తియ్యటి వాసన. వేప పూసింది. నానమ్మ కింద పాత చీర పరిచి, రాలిన పువ్వంతా ఏరి, నేతిలో వేయించి చారు పెట్టింది.

"ఆ పచ్చడి తిన్నోలందర్నీ పిలు. అందులో ఏటేసినావో నువ్వే చెప్పు" అంది.

ఆరిళ్లకీ వెళ్లి చెప్పాను. కొందరు నవ్వారు, గార్డు బాబాయి భార్య మాత్రం దేవుడికి కూడానా అని చీవాట్లు పెట్టింది. ఆఖరికి సైకిలు తొక్కుకుంటూ సర్కండా వెళ్లి, పింకీ వాళ్ల గుమ్మంలో నిలబడి, మాది నాగ్‌పూర్ కాదు, మేం తెలుగువాళ్లం, భయపడి అలా చెప్పాను అన్నాను. చారుకి రమ్మనగానే ఆమె సైకిలు వెనక ఎక్కి కూర్చుంది. మా వరండాలో చారు ఒక గుక్క తాగి, మొహమంతా ముడుచుకుంది.

"కడ్వా హై. పర్ ఇస్ బార్ అస్లీ హై."

చేదుగా ఉంది, కానీ ఈసారి అసలుది అని. ఆ తర్వాత ఏటా ఏప్రిల్లో మా ఇంట్లో రెండో ఉగాది జరిగేది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. మునగతోపాటు వేపనీ కొట్టేశారు. గార్డు బాబాయి వాళ్లు విజయనగరం వెళ్లిపోయారు, మిగతా ఇళ్లు ఎటు చెదిరాయో తెలియదు. నానమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఇంత వయసొచ్చినా ఆవిడ మీద బెంగ తీరలేదు.

పండగపూట పొట్లం అలమరలో పెట్టేసి, ఐదు రుచులతోనే పచ్చడి కలిపాను. మా ఆయన గ్లాసులో చెంచా తిప్పి చూసి, వేపపువ్వేదీ అన్నాడు.

"ఇంకా పూయలేదు" అన్నాను.

కోర్టు ఆవరణలో వేపకి నిన్నటికీ చిగుళ్లే. సాయంత్రం పింకీ ఫోన్ చేసింది. పండగ శుభాకాంక్షలేమీ చెప్పలేదు. చారు ఎప్పుడని మాత్రం అడిగింది.