ఫోర్కు నూనె, పప్పు నూనె

ఆ రోజుల్లో వీడియో చూసి నేర్చుకోలేని విద్య లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం. యూనివర్సిటీలో పీజీ చేస్తూ, తార్నాకలో మా పెద్దమ్మ ఇంట్లో ఉంటూ, ఆ నమ్మకాన్ని మొదట నా జుట్టు మీద ప్రయోగించి (దాని గురించి అడక్కండి) చివరికి నా మౌంటెన్ బైక్ ముందు ఫోర్కు దాకా వచ్చాను. క్యాంపస్ రాళ్లదారుల్లో తిరిగీ తిరిగీ అది కుదుపులు మింగడం మానేసింది. "గింత దానికి షాపెందుకు చెల్లె, ఇంట్లనే అయితది" అన్నాడు మా సైకిళ్ల గుంపులోని గేర్లన్న (ఆయన అసలు పేరు మాలో సగం మందికి తెలియదు). అవుతుందన్నాడే గానీ నా చేత అవుతుందని అనలేదు. ఆ తేడా నాకు తర్వాత తెలిసింది.

ఫోర్కంటే చక్రానికి అటూ ఇటూ ఉండే రెండు గొట్టాలు. విప్పి, పాత నూనె ఒంపేసి, తుడిచి, నూనె కారకుండా కొత్త రబ్బరు సీళ్లు తొడిగి, కాస్త కొత్త నూనె పోసి బిగించాలి. నేను కొన్న ఫోర్కు నూనె డబ్బా అడుగున కారుతోంది. మా పెద్దమ్మ ఇంట్లో ఖాళీ సీసా పారేసే ఆచారం లేదు కనుక, కడిగి బోర్లించిన పప్పు నూనె సీసాలో (నువ్వుల నూనెను మావాళ్లు అలాగే అంటారు) దాన్ని పోశాను. రంగు కూడా ఇంచుమించు అదే. చల్లని చోట ఉంచమని వీడియోలో చెప్పారు కదా అని తీసుకెళ్లి వంటింట్లో గ్యాసు బండ పక్కన పెట్టాను. అక్కడే పెద్దమ్మ ఆవకాయ కోసం తెప్పించుకున్న పప్పు నూనె సీసా కూడా ఉంది. అది నా కంటికి ఆనలేదు.

పెద్దమ్మ ఆవకాయ అంటే మాటలు కాదు. పెదనాన్నగారి అక్క ఒకావిడ మెట్టుగూడలో ఉండేది. పెద్దమ్మ చేసే ప్రతి పనికీ వంక పెట్టే ఆ మెట్టుగూడత్తయ్య ఒక్క ఆవకాయ దగ్గర మాత్రం ఓడిపోయేది. ఏటా ఆవకాయ తిరగకలిపే మూడో రోజున భోజనానికి వచ్చి, తొలి ముద్ద తిని, "చెయ్యంటే నీదేనమ్మా" అనేది. ఆ ఒక్క మాట కోసం పెద్దమ్మ ఏడాది పొడుగునా మిగతా మాటలన్నీ పడేది.

ఆ ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ జాడీ దించి, తిరగకలిపి, ఉప్పు చూసుకుని, పైన చేతికందిన సీసాలోని నూనె పోసింది. ఆవపిండి ఘాటులో ఇంకే వాసనా తెలియదు. మిగిలిన సీసా నేను బాల్కనీలోకి పట్టుకెళ్లి ఫోర్కులో పోశాను. గొట్టాలు పెట్రోలుతో తుడిచానేమో, నా ముక్కూ పని చెయ్యలేదు. బిగించేసి, విజయగర్వంతో క్యాంపస్‌కు వెళ్లి, అందరూ చూస్తుండగా ఒక బండ మీంచి దూకాను. సీళ్లు వంకరగా తొడిగినట్టున్నాను, గొట్టాల వెంట నూనె కారడం మొదలుపెట్టింది. గేర్లన్న వేలితో తీసి వాసన చూశాడు.

"ఏంది చెల్లె, నువ్వుల నూనె పోసినవ్. తాలింపు పెడ్తవా ఏంది దీనికి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగా, ఇది ఇక్కడుంటే మరి అదెక్కడుంది అన్న ఆలోచన వచ్చింది. అంతే, ఆ కారే బండి మీదే పడుతూ లేస్తూ తార్నాకకు తొక్కాను.

నేను వెళ్లేసరికి అత్తయ్య వేడన్నం ముందు కూర్చుని ఉంది. వంటింట్లో పెద్దమ్మ జాడీలోంచి ఆవకాయ గిన్నెలోకి తీస్తోంది. చెవిలో చెప్పాను. పెద్దమ్మ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుంది. గిన్నె మూత పెట్టి అత్తయ్య దగ్గరికి వెళ్లింది.

"ఈ ఏడు ఆవకాయ వద్దులే వదినా. నా చెయ్యి కుదరలేదు, ముక్క మెత్తబడిపోయింది."

"నేననుకుంటూనే ఉన్నా. వయసు మీదపడ్డాక చెయ్యి మాత్రం ఎన్నాళ్లని ఆగుతుంది" అంది అత్తయ్య, నింపాదిగా కందిపొడి కలుపుకుంటూ.

గుమ్మంలో గ్రీజు చేతులతో నిలబడి నేను నోరు విప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను (చచ్చిపోయాను గానీ, తర్వాత అన్నం తిన్నాను). అత్తయ్య వెళ్లాక, నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీ సంగతి చెబితే ఆవిడ రేపు నీ పెళ్లిలో కూడా చెబుతుందే. నాదైతే వచ్చే ఏడు ఆవకాయతో సరి" అంది పెద్దమ్మ, జాడీ ఖాళీ చేస్తూ.

పెద్దమ్మ లెక్క సగమే నిజమైంది. నా పెళ్లి విందులో ఆవకాయ వడ్డిస్తుండగా మెట్టుగూడత్తయ్య మా అత్తగారి వైపు తిరిగి, "వీళ్ల పెద్దమ్మ ఒక ఏడు జాడీడు ఆవకాయ పాడుచేసుకుంది, తెలుసా" అని మొదలుపెట్టింది. "అవును వదినా, ఆ ఏడు అస్సలు కుదరలేదు" అంటూ పెద్దమ్మ నా విస్తట్లో నెయ్యి వేసింది. అప్పుడైనా చెప్పేయాల్సింది. మళ్లీ చెప్పలేక తల వంచుకున్నాను. పెళ్లికూతురు ఎంత ఒద్దికగా ఉందో అని మా అత్తగారు ముచ్చటపడిపోయారు.