ఎంకోస్ గారి కాళ్ళు పెరిగిన కథ

ఇండోనేషియాలోని లెంబాంగ్ ఊళ్ళో అరవై దాటిన ఒక మనిషికి రాత్రికి రాత్రి కాళ్ళు జానెడు పొడుగు పెరిగాయి. సరే, జానెడు కాదు లెండి, బెత్తెడు. ఆ మాటకొస్తే బెత్తెడు కూడా కాకపోవచ్చు. అసలు పెరిగాయా అన్నదే అనుమానం. పెరిగాయన్నది ఆయన మాట. ఆ మాట మీద ఆయన నేటికీ నిలబడే ఉన్నాడు. ఎలా నిలబడ్డాడన్నది చివర్లో చూద్దురుగాని.

ఆయన పేరు ఎంకోస్ కోస్వారా. నీళ్ళ సరఫరా ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే: లోకంలో ప్రతి మనిషీ తనది కాని సైజు సైకిలెక్కి తిరుగుతున్నాడని బెంగ. ఊరి చుట్టూ కొండలు. ఆదివారమొస్తే మగాళ్ళంతా మౌంటెన్ సైకిళ్ళేసుకుని జయగిరి అడవిలో పడేవారు. ఇక ఆయనకు ముద్ద దిగడమెలా?

మనిషి ఎదురైతే ముఖం చూసేవాడు కాదు, మోకాళ్ళు చూసేవాడు. "బాగున్నారా" అనడానికి బదులు "ఏ సైజు ఫ్రేము?" అనేవాడు. మీడియం అని చెబితే నమ్మేవాడు కాదు. ఇంటికి లాక్కెళ్ళి, చెప్పులు విప్పించి, ముందుగది గోడకు వీపు ఆనించి నిలబెట్టి, భార్య వంటల పుస్తకం ఆ మనిషి తొడల మధ్య దూర్చి పైదాకా ఎత్తేవాడు. "మడమలు నేలకి! మడమలు నేలకి!" అని అరుస్తూ పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద పెన్సిలు గీత గీసేవాడు. సైకిలు పై గొట్టం ఆ గీతకు నాలుగు వేళ్ళు కిందుండాలి. లేకపోతే దిగుడులో ఠక్కున కాళ్ళు కింద పెట్టినప్పుడు ఏమవుతుందో అభినయించి చూపించేవాడు. అది చూసినవాళ్ళు ఆ పూట అన్నం తినలేదంటారు.

మేనకోడలి పెళ్ళిలో పెళ్ళికొడుకునే గోడకు నిలబెట్టాడు.

"మామయ్యా, అవతల ఖాజీగారు ఎదురుచూస్తున్నారు" అన్నాడు ఆ అబ్బాయి, వంటల పుస్తకం మీద కూర్చున్నట్టు నిలబడి.

"ఆయన్నీ రమ్మను. పనిలో పని, ఆయనదీ కొలిచేద్దాం."

ఖాజీగారి గీత ఇప్పటికీ ఆ గోడ మీద ఉంది. ఊరంతా ఉంది, ఒక్క ఊదింగ్ తప్ప.

ఊదింగ్‌ది పాడి వ్యాపారం. మంచివాడు, పొట్టివాడు. ఈ రెండోది అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ ఊళ్ళో అలాంటి మాట ముఖాన అనరు. చొక్కా మోకాళ్ళ దాకా వేలాడుతుంటే "గాలి బాగా ఆడుతుంది" అంటారే గాని "నీకు పెద్దది" అనరు. అందుకే పక్క పట్నం బందుంగ్‌లో పాత సైకిళ్ళు అమ్మేవాడు, లార్జ్ సైజు సైకిలెక్కి వేలాడుతున్న ఊదింగ్‌ని చూసి, "మీకోసం చేసినట్టే ఉంది సార్" అన్నాడు. అంత మర్యాదగా అన్న మనిషిని కాదనడం ఊదింగ్‌కి చేతకాలేదు. కొనేశాడు.

ఏటా ఆగస్టు పదిహేడున, స్వాతంత్ర్య దినం నాడు, ఊరి సైకిళ్ళన్నీ జెండాలు కట్టుకుని జయగిరి నుంచి మైదానానికి దిగుతాయి. ఏటా ఊదింగ్ దారి పక్కన నిలబడి వచ్చినవాళ్ళకు వేడి పాలు పోసేవాడు. ఈసారి పాలు పోయను, నేనూ దిగుతానని పేరిచ్చాడు.

పాల డబ్బా మీద నిలబడి సైకిలెక్కేవాడు. దిగాలంటే పశువుల కొట్టం గోడ దొరకాలి. మధ్యలో ఆగడమన్న మాటే లేదు.

"ఆగాల్సొస్తే?" అంది భార్య నీనింగ్.

"ఆగను."

"ఆవు అడ్డొస్తే?"

"మన ఆవులేగా. తప్పుకుంటాయి."

మర్నాడే ఒక ఆవు తప్పుకోలేదు. ఆ సాయంత్రం మొగుడి నడక చూసి నీనింగ్ లోపలికి పరిగెత్తింది. చల్లనీళ్ళ సీసా చేతికిచ్చి అవతలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. జయగిరి దారిలో ఆవులుండవు, లోయ ఉంటుంది.

ఊదింగ్‌కి లోయ అంటే భయమే. అంతకంటే పెద్ద భయం ఎంకోస్ గారి గోడ. ఆ గోడ మీద తన గీత అందరి గీతల కిందా పడుతుంది. అందుకని ఆయన కనబడితే ఆవు చాటుకు పోయేవాడు.

"ఊదింగ్, ఆవు వెనకాల ఉన్నావా?"

"లేనన్నా!"

తీరా పండగ దగ్గరికొచ్చాక ఎంకోస్ గారే తన సైకిలు నడిపించుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. పెళ్ళికి తోమిన బిందెలా మెరిసే నీలం సైకిలు, స్మాల్ సైజు. ఆయనా ఏమంత పొడగరి కాదు. ముఖం మాత్రం ఇంట్లో ఎవరో పోయినట్టుంది.

"ఊదింగ్, నువ్వే నన్ను కాపాడాలి."

"ఏమైందన్నా?"

"కాళ్ళు పెరిగాయి."

"ఎవరికి?"

"ఇంకెవరికి, నాకే! ఈ వయసులో! డాక్టరు నోరు తెరిచాడు. దీని మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి కొడుతున్నాయి. ఊళ్ళో లార్జ్ నీదొక్కటే. మార్చుకుందామా? నీకు ఇరుకే అనుకో. నాకోసం సర్దుకోవాలి."

ఊదింగ్ చాలాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టాడు. "ఇరుకేనన్నా. పెద్దవారు, మీరు నోరు తెరిచి అడిగాక ఎలా కాదనను?"

ఎక్కి నిలబడ్డాడు. రెండు పాదాలూ నేలకు ఆనాయి. గొట్టానికీ తనకూ మధ్య సరిగ్గా నాలుగు వేళ్ళు. "ఇరుకే, ఇరుకే" అన్నాడు, నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుని.

పండగ నాడు జయగిరిలో ఊదింగ్ గాల్లో తేలినట్టు దిగాడు. లోయ మలుపులో తన ముందున్న సైకిలు గభాల్న ఆగింది. అతని గుండె ఆగింది, సైకిలూ ఆగింది, పాదాలు నేలకు తగిలాయి. అంతే. ఏమీ కాలేదు. సంతోషం పట్టలేక వెనక్కి తిరిగాడు.

"తప్పుకోండి! దిగలేను! తప్పుకోండ్రోయ్!"

ఎంకోస్ గారు. చేతులు బారచాపి హ్యాండిలుకు వేలాడుతూ, ముఖం పాలిపోయి, ఊరందరికీ సైజులు చెప్పిన మనిషి ఏనుగంత సైకిలు మీద వచ్చి, పక్కనున్న చెట్టును రెండు చేతులా వాటేసుకుని ఆగాడు. కాళ్ళు గాల్లో ఊగుతున్నాయి.

ఊదింగ్‌కి అంతా అర్థమైంది. వెళ్ళి సీటు పట్టుకుని దింపాడు. మైదానం దాకా ఆగిన చోటల్లా దింపాడు, ఎక్కించాడు.

ఇంటికెళ్ళి అడిగితే నీనింగ్ బయటపెట్టింది. "మన దండెం మీద నీ పంట్లాం ఎంకోస్ గారు కొలుస్తుంటే దొంగనుకుని చీపురెత్తాను. 'అరవకమ్మా, వాడికి తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు' అన్నారు."

ఆ ఆదివారం బంద్రెక్ అనే అల్లం కషాయం బండి దగ్గర, ఆ ఘాటుకి అందరూ ముక్కులు తుడుచుకుంటుండగా, ఊదింగ్ లేచాడు. "నేను పొట్టివాణ్ణి. బుద్ధిలేక పెద్ద సైకిలు కొన్నాను" అని మొదలుపెట్టి కథంతా చెప్పేశాడు. జనం గొల్లుమన్నారు.

"అబద్ధం!" అన్నాడు ఎంకోస్ గారు. "పదండి గోడ దగ్గరికి!"

అందరూ వెళ్ళారు. ముందు ఊదింగ్ చెప్పులు విడిచి తనే గోడకు ఆనుకున్నాడు. గీత అన్నిటి కిందా పడింది. ఎవరూ నవ్వలేదు. ఖాజీగారి గీత దాని పైనే, వెంట్రుకవాసి ఎత్తులో ఉంది.

"ఇప్పుడు మీరన్నా" అని ఊదింగ్ పెన్సిలు తీసుకున్నాడు.

ఎంకోస్ గారు పుస్తకం పెట్టుకుని ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఊదింగ్ కిందికి చూశాడు. అందరూ చూశారు. మడమలు రెండూ గాల్లో ఉన్నాయి.

"మడమలు నేలకే ఉన్నాయి" అన్నాడు ఊదింగ్.

"విన్నారా? నేను ఎవడి పంట్లామూ కొలవలేదు, ఏ చెట్టునూ వాటేసుకోలేదు. వీడు చెప్పిందంతా కట్టుకథ. కాళ్ళు పెరిగాయి, అంతే! ఆ గీతేదో త్వరగా గియ్యరా తమ్ముడూ, పిక్కలు పట్టేస్తున్నాయి."